‘మనదే’ సేటు

మా సేటు ఎవరింటికి వెళ్ళినా ముందు స్నానాలగదిలోకి వెళ్ళేవాడు. కుర్చీ చూపించినా కూర్చునేవాడు కాదు, మంచినీళ్ళిచ్చినా పుచ్చుకునేవాడు కాదు. "జర చేతులు కడుక్కొని వస్త" అనేవాడు. లోపల నీళ్ళ చప్పుడు వినిపించేది. కాసేపటికి రెండు అరచేతులూ ముక్కుకి ఆనించుకుని, కళ్ళు సగం మూసుకుని, పూజ ముగించుకున్నవాడిలా బయటికి వచ్చేవాడు. ఇంటివాళ్ళ మొహాలు ఒకసారి కలయజూసి ఒకే ఒక్క మాట అనేవాడు.

"మనదే."

మొదటిసారి క్రిస్మస్ కేకు తినడానికి మణికొండలో మా ఫ్లాటుకి వచ్చినప్పుడు మా ఆవిడ కంగారుపడింది. వంటింట్లోకి పిలిచి, "ఆయనకి షుగర్ బాగా ఎక్కువలా ఉందండీ. రాగానే బాత్రూమ్‌కి పరిగెత్తాడు. కేకు పెట్టనా, మాననా?" అని అడిగింది. షుగర్ కాదే, సబ్బు అన్నాను.

పోయిన నెల ఆయన పోయాడు. అందుకే ఈ నాలుగు మాటలు. రాసే ముందు ఒక సంగతి చెప్పేయాలి. నేను కొంచెం పెంచి చెప్పే మనిషిని. గోదావరి జిల్లాలో ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. ప్రతి ఆదివారం అందరితో కలిసి పాపపు ఒప్పుకోలు చదివే అలవాటున్నవాడికి, వారం మధ్యలో కాస్త పెంచి మాట్లాడే ధైర్యం దానంతటదే వస్తుంది.

ఆయన దగ్గర నేను జనరల్ మేనేజరుగా పనిచేశాను. అంటే నా కార్డు మీద అలా ఉండేది. నిజానికి స్టోర్సు తాళాలు నా దగ్గర ఉండేవి, ఇంగ్లీషు ఉత్తరాలు రాసేవాణ్ణి, ఆయన హైటెక్ సిటీ వెళ్ళాల్సి వస్తే పక్కన కూర్చుని అర్థం చెప్పేవాణ్ణి. ఆ కార్డు కూడా నేనే అచ్చు వేయించుకున్నాను.

మా ఫ్యాక్టరీ మియాపూర్ దాటి పటాన్‌చెరు వెళ్ళే దారిలో ఉండేది. ఫ్యాక్టరీ అంటే పెద్ద రేకుల షెడ్డు. ఒక విదేశీ కంపెనీ సబ్బు అందులో తయారయ్యేది. పేరు చెప్పను గానీ, మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. టీవీలో ఒక సినిమా తార జలపాతం కింద నిలబడి దాంతో స్నానం చేసేది. మా షెడ్డులో జలపాతం లేదు. నీళ్ళు ట్యాంకర్లో వచ్చేవి, అదీ డ్రైవరుకి బుద్ధిపుట్టినప్పుడు.

సబ్బుకి కావలసిన ముడిసరుకు తెల్లటి పోగుల్లా బస్తాల్లో వచ్చేది. సెంటు సీలు వేసిన డ్రమ్ముల్లో వచ్చేది. డ్రమ్ము మీద ఒక అంకె తప్ప అందులో ఏముందో రాసి ఉండేది కాదు, అడిగినా చెప్పేవాళ్ళు కాదు. పైన చుట్టే కాగితం కంపెనీది. సబ్బు మీద పేరు దింపే ఇత్తడి అచ్చులూ కంపెనీవే. మరి మా సేటుదేమిటయ్యా అంటే షెడ్డు, మిషన్లు, కరెంటు బిల్లు, పనిచేసే నలభైమంది ఆడవాళ్ళు, వాళ్ళ జబ్బులు, వాళ్ళ బతుకమ్మ అడ్వాన్సులు. పోగులు కలిపి, సెంటు పోసి, నొక్కి, కోసి, పేరు దింపి, చుట్టి పంపించడం వరకే మా పని. గేటు దాటిందంటే అది కంపెనీ సబ్బు. మాటవరసకి గేటు దాటాక అంటున్నాను, గేటు లోపల ఉన్నప్పుడూ అది కంపెనీదే.

అయినా ఆయన ‘మనదే’ అనేవాడు. పెళ్ళిళ్ళలో అనేవాడు, దవాఖానలో అనేవాడు, ఒకసారి చావింట్లో కూడా అన్నాడు.

ఆయన్ని ఏడిపించాలని నాకు సరదా. ఒకసారి నాగపూర్ వెళ్ళి వస్తూ అదే సబ్బు అక్కడ కొని తెచ్చాను. కాగితం అంచున సన్నటి అక్షరాల్లో వేరే రాష్ట్రంలోని వేరే షెడ్డు చిరునామా ఉంది. ఆయన మా ఇంటికి వచ్చిన రోజు దాన్నే పెట్టాను. చేతులు కడుక్కుని వచ్చి, "మనదే" అన్నాడు. కాగితం తెచ్చి చూపించాను.

"కాదు సేటుగారూ, ఇది ఇంకెవరిదో అండి."

"గా సన్నక్షరాలు ఎవడు సదువుతడు సారూ? వాసన జూడు. మనది గాదా?"

"వాసన కంపెనీది కదండీ."

"పోసింది ఎవడు?"

"అక్కడివాడెవడో పోశాడండి."

"గా పోసినోడు గూడ మనోడే" అని కేకు తెమ్మన్నాడు.

మరోసారి పోటీ కంపెనీ సబ్బు పెట్టాను. టీవీలో ఆ రెండు సబ్బులకీ బద్ధవైరం. మాది వాడితే చర్మం మెరుస్తుంది, దాన్ని వాడితే మాడుతుంది అన్నట్టుగా ప్రకటనలు వచ్చేవి. ఆయన చేతులు వాసన చూసుకుని మూతి విరిచాడు. "గిది మా బామ్మర్దిది" అన్నాడు. నిజమే. ఆయన బామ్మర్ది మాకు రెండు షెడ్ల అవతల ఆ పోటీ కంపెనీకి సబ్బు చేసిపెట్టేవాడు. టీవీలో ఆ రెండు సబ్బులూ కొట్టుకుంటుంటే, వీళ్ళిద్దరూ ఆదివారం ఒకే మంచం మీద కూర్చుని, ఒకే పళ్ళెంలో వేట మాంసం తినేవాళ్ళు. మిషన్ చెడిపోయినప్పుడు ఒకరి మెకానిక్‌ని ఇంకొకరు తీసుకుపోయేవాళ్ళు.

ఇంతలో ఉద్యమం ముదిరింది. బందులు, రాస్తారోకోలు. మా సేటుకి రాజకీయం తెలియదు గానీ తెలంగాణ అంటే మాత్రం గొంతు మారిపోయేది. నన్ను ‘ఆంధ్రా సారు’ అనేవాడు. కోపంతో కాదు, మురిపెంగా. ఒక బందు రోజు కుర్రాళ్ళు గేటు మీదికి వచ్చారు. నేను ఎదురువెళ్ళి వాళ్ళతో మాట్లాడి పంపించాను. సరే, అబద్ధం. స్టోర్సులో సెంటు డ్రమ్ముల వెనక నిలబడ్డాను. మాట్లాడింది సేటు.

"లోపల ఆంధ్రోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని ఒకడు అరిచాడు.

"ఆంధ్రోళ్ళు లేరు బిడ్డా. ఒక గోదారాయన ఉన్నడు, గంతే. ఆయన సబ్బుల వాసనకి ఎప్పుడో మనోడైపోయిండు. రండ్రి, చాయ్ తాగుండ్రి."

ఆ సాయంత్రం నా చొక్కాకి అంటిన సెంటు నాలుగు ఉతుకులకి గానీ వదల్లేదు.

ఆ డిసెంబరులో ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది, తెలంగాణ ఇస్తున్నామని. మర్నాడు నేను ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, లాల్చీ చేతులు పైకి మడిచి, అట్టపెట్టెల మీద నల్ల రంగు పూస్తున్నాడు. ఆయన చేత్తో పని చేయడం నేను అంతకుముందు చూడలేదు.

సబ్బుల అట్టపెట్టెల మీద తయారుచేసినవాడి చిరునామా ఉండాలి. మొత్తం సరుకులో మా చేత్తో రాసేది అంటూ ఏదైనా ఉంటే ఆ ఒక్క వరసే. అక్షరాలు కోసిన రేకుని అట్ట మీద ఆనించి బ్రష్‌తో రంగు పూస్తే చిరునామా పడుతుంది. పాత రేకు మీద చివరన ‘ఎ.పి.’ అని ఇంగ్లీషులో ఉండేది. ఆయన ప్రకటన వినగానే చందానగర్‌లో బోర్డులు రాసేవాణ్ణి లేపి కొత్త రేకు కోయించాడు. తెలుగులో, జానెడు అక్షరాలతో. ‘తెలంగాణ’.

"సేటుగారూ, ఆగండి. ఇంకా గెజిట్ రాలేదండి" అన్నాను.

"నీకు రాలే సారూ. నాకొచ్చింది."

ప్యాకింగ్ దగ్గర పెద్ద దిక్కు రత్నమ్మ. ఆయనకి ఎదురు చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే. నడుం మీద చెయ్యి వేసుకుని చూస్తూ, "గింత పెద్దగ రాస్తే కంపినీ పేరు చిన్నగయితది సేటూ" అంది.

"కానీ. ఇన్నేండ్లు నా పేరు చిన్నగుండలే?"

ఆడవాళ్ళందరూ పనాపి నవ్వారు. ఒకరికొకరు బుగ్గలకి నల్ల రంగు పూసుకున్నారు. నాకూ పూశారు. ఆ షెడ్డులో నేను చూసిన ఆఖరి సంబరం అదే.

ఆ పెట్టెలు లారీ ఎక్కి కోస్తాలోని కంపెనీ డిపోకి వెళ్ళాయి. అప్పటికే అక్కడ రాష్ట్రం విడదీయొద్దని రోడ్లమీదికి వచ్చారు. డిపో ముందు దించుతున్న పెట్టెల మీద జానెడు అక్షరాలు కనిపించాయి. ఇంకేముంది, లాగి రోడ్డు మీద పోసి తగలబెట్టారు. ఫైరింజను వచ్చి నీళ్ళు కొడితే ఊరు ఊరంతా మోకాలెత్తు నురగ, మూడు రోజులు సువాసన అని నేను చాలామందికి చెప్పాను. నేను అక్కడ లేను. పేపర్లో పడిన ఫోటో చూశాను, అంతే. అందులో సగం కాలిన పెట్టె ఒకటి ఉంది. కంపెనీ సబ్బు పేరు, దాని కిందే ‘తెలంగాణ’. రెండూ స్పష్టంగా కనిపించాయి. ఆ నెల తిరక్కుండానే ఢిల్లీ వాళ్ళు తమ ప్రకటనని వెనక్కి తీసుకున్నారు. పెట్టెల్ని వెనక్కి తీసుకునే దారి మాకు లేదు.

హైటెక్ సిటీ నుంచి పిలుపు వచ్చింది.

కంపెనీ దక్షిణాది ఆఫీసు అక్కడ ఒక అద్దాల మేడలో ఉండేది. సేటు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు, సంచీలో కొత్త సబ్బులు వేసుకున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీవాడు సంచీ విప్పి, "లోపలికి బయటి వస్తువులు తేవొద్దు సార్" అన్నాడు.

"బయటిది గాదు బిడ్డా, మీ కంపెనీదే."

"అయినా రూలు సార్." సబ్బులు తీసి పక్కన పెట్టి టోకెన్ ఇచ్చాడు. చొక్కాకి ‘విజిటర్’ అని ఒక కాగితం అంటించాడు.

పైన మమ్మల్ని కలిసింది ఒక చిన్నపిల్ల. మా గోదావరి వైపు అమ్మాయే. ఆ సబ్బు బ్రాండుకి మేనేజరట. కాఫీ తెప్పించింది. పేపర్ కటింగ్ టేబుల్ మీద పెట్టి మర్యాదగానే మాట్లాడింది.

"అంకుల్, బ్రాండ్‌కి ఊరుండకూడదండి. ఊరుందని తెలిస్తే, ఆ ఊరంటే పడనివాళ్ళు కొనడం మానేస్తారు."

నేను అర్థం చెప్పబోయాను. అక్కర్లేదన్నట్టు సేటు చెయ్యి ఊపాడు. తెలుగేగా.

"మేం సబ్బు చేసే కంపెనీ కాదు అంకుల్. బ్రాండు మాది, షాపులదాకా చేర్చడం మాది. చేయించేది ఎవరితోనైనా చేయించుకోవచ్చు." గొంతు తగ్గించి, "ఈ పెట్టెల గురించి మీరు బాధపడకండి. మీ ఆర్డరు తీసేయాలని ముందే నిర్ణయించేశారు. ఉత్తరాది కొండ ప్రాంతంలో ఫ్యాక్టరీలకి పన్ను మినహాయింపు ఉందండి. అక్కడికి మారుస్తున్నారు. మీకు ఉత్తరం రాబోతోంది. ఇది జరక్కపోయినా అదే జరిగేది" అంది.

ఓదారుస్తున్నాననుకుంది పాపం.

అప్పుడు మా సేటు లేచాడు. బల్ల మీద చెయ్యి వేశాడు. "అమ్మా, మీ సబ్బుకి ఊరు లేకపోవచ్చు. దాన్ని చుట్టిన ఆడోళ్ళకు ఉంది. వాళ్ళ పిల్లలకు ఆకలుంది. మీరు అమ్మేది పేరు, మేమిచ్చింది పానం" అన్నాడు. ఆఫీసంతా నిశ్శబ్దమైపోయింది. గాజు గదుల్లోంచి జనం లేచి నిలబడ్డారు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఈ కథ నేను బామ్మర్దికి చెప్పాను, మా చర్చిలో చెప్పాను, ఫ్యాక్టరీ ఆడవాళ్ళకి రెండుసార్లు చెప్పాను. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. ఆయన అసలు నోరు విప్పలేదు. కాఫీ చల్లారేదాకా ఆ పేపర్ ముక్కనే చూస్తూ కూర్చున్నాడు. చివరికి అడిగింది ఒక్కటే.

"బాత్రూమ్ ఎక్కడుంది బిడ్డా?"

అలవాటు ప్రకారం చాలాసేపు లోపల ఉన్నాడు. నేను తలుపు బయట నిలబడ్డాను. అరచేతులు ముక్కుకి ఆనించుకునే వచ్చాడు గానీ కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. నేను లోపలికి తొంగిచూశాను. గోడకి ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది, నొక్కితే నీలం రంగు ద్రవం కారుతుంది. దాని మీద ఇంకెవరిదో పేరు.

"మనది గాదు" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. లిఫ్టు దగ్గర మళ్ళీ అన్నాడు, "వీళ్ళది గూడ గాదు సారూ."

కిందికి వచ్చాక టోకెన్ ఇచ్చి సబ్బులు తీసుకుందామన్నాను. వద్దన్నాడు. కారు తనే నడుపుతూ కొండాపూర్ దాకా వచ్చాడు. అక్కడ ఉన్నట్టుండి రోడ్డు పక్కన ఆపాడు.

"గా పిల్ల అబద్ధం చెప్పింది."

"ఎందుకు చెబుతుందండీ? పన్ను సంగతి..."

"పన్ను లేదు, గిన్ను లేదు. నేను తెలంగాణ అని రాసిన. అది సూసి తీసిండ్రు. గంతే. నువ్వు గూడ గదే చెప్పాలె. ఎవరడిగినా గదే."

ఆ మొహం చూశాక నేను వాదించలేదు. సబ్బుకి నాలుగు పైసలు కలిసొస్తాయని కంపెనీ పారేసిన మనిషిగా ఆయన ఇంటికి వెళ్ళలేడు. తెలంగాణ కోసం పోగొట్టుకున్నవాడిగా అయితే వెళ్ళగలడు. ఆ రోజు నుంచి అందరితో ఒకటే మాట. "నేను తెలంగాణకు ఫ్యాక్టరీ ఇచ్చిన."

ఆ మాట అందరూ ఒప్పుకున్నారు, రత్నమ్మ తప్ప. షెడ్డు మూసేరోజు కంపెనీ మనుషులు వచ్చి ఇత్తడి అచ్చులు లెక్కపెట్టుకుని చెక్కపెట్టెల్లో సర్దుకున్నారు. మిగిలిన కాగితం చుట్టలు తీసుకుపోయారు. మిషన్ కడుపులో ఇంకా కొంత సబ్బు ముద్ద ఉండిపోయింది. వాళ్ళు వెళ్ళాక సేటు దాన్ని కోయించాడు. పేరు లేని సబ్బులు, రెండువైపులా నున్నగా. ఆడవాళ్ళకి తలా కొన్ని ఇమ్మన్నాడు.

రత్నమ్మ చేతిలో సబ్బు అటూ ఇటూ తిప్పి చూసింది. "పేరు లేని సబ్బు ఏ దుకాణపోడు కొంటడు సేటూ?"

"అమ్ముకోనీకి గాదు. తీస్కపో. నేను తెలంగాణకు ఫ్యాక్టరీ ఇచ్చిన, యాది పెట్టుకో."

"నువ్విచ్చినవా? మమ్ముల అడిగే ఇచ్చినవా?"

ఆమె సబ్బులు కొంగున మూట కట్టుకునే వెళ్ళింది. వదిలేసి వెళ్ళే స్థోమత ఆమెకి లేదు. తర్వాత కొన్నాళ్ళకి హైటెక్ సిటీలో ఒక మేడలో మరుగుదొడ్లు కడిగే పనికి కుదిరింది, అదీ ఎవడో కాంట్రాక్టరు కింద. నీలం ద్రవం అయిపోతే డబ్బా నింపడం కూడా తన పనేనని చెప్పింది. మిగతావాళ్ళలో కొందరు శేరిలింగంపల్లి బస్తీల్లో ఇళ్ళలో పనులకి పోయారు, కొందరు ఎక్కడికి పోయారో నాకు తెలియదు. నలభైమందినీ పలకరిస్తూనే ఉన్నానని రాద్దామనుకున్నాను. లేదు, రత్నమ్మ ఒక్కదాన్నే, అది కూడా బస్టాపులో కనిపించింది కాబట్టి.

తెలంగాణ వచ్చిన రోజు ఆయన ఆ రేకు వెతికి తీసి, మూసి ఉన్న గేటు మీద తనే రంగు పూశాడు. ‘తెలంగాణ’. బాగా పడింది. దాని కింద పంపించడానికి సరుకే లేదు.

ఆ తర్వాత షెడ్డుని కిరాయికిచ్చాడు. తీసుకున్నది సబ్బులు, పేస్టులు, షాంపూలు షాపులకి చేర్చే ఒక డిస్ట్రిబ్యూటరు. మొదటి లారీలో ఏం దిగిందో నేను చెప్పక్కర్లేదు. అదే సబ్బు. కొండల్లో తయారై, దేశం మధ్యగా దిగివచ్చి, ఆయన కూలీలు పనిచేసిన నేల మీదే పెట్టెలు పెట్టెలుగా నిలబడింది. కిరాయి నెల నెలా సరిగ్గా వచ్చేది. సబ్బు చేసిన రోజుల కంటే చింత తక్కువ. అయినా రోజూ పొద్దున్నే వెళ్ళి గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. లోడు దిగుతుంటే లేచి వెళ్ళి అట్టపెట్టెకి ముక్కు ఆనించేవాడు.

"మనదే."

గోదాములో హమాలీలు ఆయన్ని వాచ్‌మన్ అనుకున్నారు. "తాతా, జర పక్కకి జరుగు" అనేవాళ్ళు. జరిగేవాడు. నేను ఒకసారి చూసి వాళ్ళని కోప్పడ్డాను, ఈయన ఈ షెడ్డు యజమాని అని చెప్పి క్షమాపణ చెప్పించాను. చెప్పించలేదు. కోప్పడదామనుకుంటుంటే ఆయనే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ సారూ. వాచ్‌మన్ అంటే లోపలికి రానిస్తున్నరు. ఓనర్ని అంటే కిరాయి తీస్కొని ఇంటికి పొమ్మంటరు."

పోయిన నెల దహనం అయ్యాక ఆయన ఇంటికి తిరిగి వచ్చాం. లోపలికి వెళ్ళేముందు అందరూ వాకిట్లో కుళాయి దగ్గర స్నానం చేయాలి. నాకు ఆ పట్టింపు లేకపోయినా వాళ్ళతో పాటు నిలబడ్డాను. బామ్మర్ది ఎవరినో దుకాణానికి పంపి కొత్త సబ్బు తెప్పించాడు. అతని షెడ్డు కూడా ఎప్పుడో మూతపడింది. సబ్బు విప్పబోతూ, అలవాటు కొద్దీ కాగితం అంచు కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, నాకు అందించాడు. అంచున సన్నటి అక్షరాల్లో ఆ కొండ ఊరి పేరు.

తలుపు అవతల నుంచి సేటు భార్య గొంతు వినిపించింది.

"సారూ, గా సబ్బు మనదేనా?"

బామ్మర్ది తల దించుకున్నాడు. నేను కాగితం నలిపి గుప్పిట్లో పెట్టుకున్నాను. సబ్బు అరచేతుల్లో తిప్పి, నురగ వచ్చేదాకా రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"మనదేనమ్మా."

ఆ ఆదివారం చర్చిలో పాపపు ఒప్పుకోలు అందరితో పాటు పైకే చదివాను. ఆ మాటను మాత్రం అందులో కలపలేదు.